రేడియో కిట్‌తో పాటు పిల్లల చేతికిచ్చే కాగితం ఎలా ఉండాలి?

ప్రశ్న: "నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఈసారి రెండో ఏడాది పిల్లలు 15 మందితో 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ దగ్గరి షార్ట్‌వేవ్) రిసీవర్ కిట్ చేయించాలని ఉంది. ఎస్‌ఏ612 (మిక్సర్ ఐసీ), ఎల్‌ఎం386 (ఆడియో ఐసీ) వాడే డైరెక్ట్ కన్వర్షన్ సర్క్యూట్, అంటే రేడియో సిగ్నల్‌ని నేరుగా ఆడియోగా మార్చే రకం. బోర్డులు వచ్చేశాయి. సర్క్యూట్ డయాగ్రమ్, పార్టుల లిస్టు ఇస్తే సరిపోతుందా? తెలుగులో సూచనలు రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

మాస్టారూ, నమస్కారం. ఆ రెండే ఇస్తే సరిపోదండి. నేను పాతికేళ్లుగా హామ్‌ని (సొంత ఆసక్తితో, లైసెన్సుతో రేడియో నడిపే అమెచ్యూర్‌ని). క్లబ్బుల్లో, కాలేజీల్లో పిల్లలతో కిట్లు చేయించాను. పని చేయని బోర్డు నా చేతికొచ్చిన ప్రతిసారీ దాదాపు ఇదే కథ: తప్పు జరిగింది మొదటి గంటలో, బయటపడింది రెండో రోజు సాయంత్రం. ఈలోపు దాని మీద ఇంకో నలభై పార్టులు అతికేశారు. ఇక ఎక్కడని వెతుకుతాం? తప్పు జరిగిన చోటే, జరిగిన పూటే దొరికేలా రాసిందే మంచి సూచనల కాగితం. ఏ పార్టు ఏ రంధ్రంలో పెట్టాలో చెప్పడం సగం పని. పెట్టాక మీటర్‌లో ఎంత కనబడాలి, చెవికి ఏం వినబడాలి అన్నది మిగతా సగం. చాలా కిట్లలో ఈ రెండో సగమే ఉండదు.

రాసే ముందు పాత హీత్‌కిట్ మాన్యువల్ ఒకటి చూడండి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం బెంటన్ హార్బర్‌లో ఉండేది ఆ కంపెనీ. 1947లో యుద్ధం మిగిల్చిన పార్టులతో ఆసిలోస్కోప్ కిట్ అమ్మి ఎలక్ట్రానిక్స్‌లోకి దిగింది, 1992లో కిట్లు ఆపేసింది. ఎలక్ట్రానిక్స్ చదవనివాళ్లు కూడా వాళ్ల మాన్యువల్ పక్కన పెట్టుకుని ట్రాన్స్‌మిటర్లు చేసుకున్నారు. ప్రతి మెట్టు ముందు ఖాళీ బ్రాకెట్ ఉండేది. పని అయ్యాక అందులో టిక్ పెట్టాలి. నాకు అంతకన్నా నచ్చింది ఇంకోటి ఉంది. అప్పటి వైరింగ్‌లో ఒకే ట్యాగుకి మూడు నాలుగు తీగలు వచ్చేవి. తీగ తగిలించాల్సిన చోట పక్కన "ఎన్‌ఎస్" అని ఉంటే ఇప్పుడే సోల్డర్ చేయకు అని. "ఎస్-3" అని ఉంటే సోల్డర్ చెయ్యి, అక్కడ మూడు తీగలు ఉండాలి అని. అక్కడ రెండే కనబడితే వెనక ఒక మెట్టు వదిలేశావని అప్పుడే తెలిసిపోతుంది. మనం ఇప్పుడు పీసీబీ మీద చేస్తున్నాం కాబట్టి ఆ గుర్తులు అక్కర్లేదు. కానీ ఈ మెట్టు వెనక మెట్టుని సరిచూడాలన్న ఆలోచన మాత్రం తీసుకోండి.

మన దగ్గరి ఉదాహరణ బిట్‌ఎక్స్ అనే హామ్ ట్రాన్స్‌సీవర్ (రిసీవర్, ట్రాన్స్‌మిటర్ రెండూ కలిసినది). హైదరాబాద్‌కి చెందిన అష్హర్ ఫర్హాన్ గారు 2000ల మొదట్లో బిట్‌ఎక్స్20 డిజైన్‌ని అందరికీ ఇచ్చేశారు. మామూలు ట్రాన్సిస్టర్లు, బజారులో దొరికే క్రిస్టల్స్, పవర్ కోసం ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టర్. టొరాయిడ్ (కాయిల్ చుట్టే ఉంగరంలాంటి కోర్) దొరకనివాళ్ల కోసం కుళాయి వాషర్ మీద కాయిల్ చుట్టుకోమన్నారు. ఆయన రాతలో ప్రతి స్టేజీ ఎందుకు అలా ఉందో కూడా ఉంటుంది. అందుకే ఒక పార్టు దొరక్కపోతే దాని బదులు ఏది పెట్టొచ్చో చదివినవాడికి తోచింది. 2016లో బిట్‌ఎక్స్40 వచ్చేసరికి సంగతి మారింది. బోర్డు అసెంబుల్ అయి వచ్చేది. వాల్యూమ్ కంట్రోల్, మైకు, స్పీకర్, యాంటెన్నా తగిలించుకోవడమే కొన్నవాడి పని. దానికి ఒక మంచి వైరింగ్ బొమ్మ చాలు. మీ పిల్లలు ఖాళీ బోర్డుతో మొదలుపెడుతున్నారు కాబట్టి మీ కాగితం ఒక్క బొమ్మతో అయ్యేది కాదు.

ఈ మధ్యవాటిలో క్యూఆర్‌పీ ల్యాబ్స్ వారి క్యూసీఎక్స్ చూడండి. హాన్స్ సమర్స్ గారు 2017లో తెచ్చిన మోర్స్ ట్రాన్స్‌సీవర్ ఇది. అరచేతి వెడల్పు బోర్డుకి వంద పేజీలు దాటిన మాన్యువల్. ప్రతి మెట్టుకీ బోర్డు బొమ్మ మళ్లీ వేసి, ఆ మెట్టులో పెట్టాల్సిన పార్టులకే రంగు వేస్తారు. చిన్న వోల్ట్‌మీటర్, ఫ్రీక్వెన్సీ కౌంటర్, సిగ్నల్ జనరేటర్ అందులోనే ఉంటాయి. ఖరీదైన పరికరాలు లేనివాడు కూడా ట్యూన్ చేసుకోగలడు. ఇటు చూస్తే ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి దొరికే పిక్సీ అనే చిన్న ట్రాన్స్‌సీవర్ కిట్లలో చాలావాటికి ఒక చిన్న డయాగ్రమ్ తప్ప ఏమీ రాదు. సర్క్యూట్ మంచిదే, పాపం. కానీ మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టినవాడు అది పలక్కపోతే తన చేతకానితనమే అనుకుని దాన్ని డ్రాయర్‌లో పడేస్తాడు. అలా పోయిన పిల్లల్ని నేను చూశాను. మీ 15 మందిలో ఒక్కరు కూడా అలా పోకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇక మీ రిసీవర్. పార్టుల్ని రకాల వారీగా పెట్టించకండి. "ముందు రెసిస్టర్లన్నీ, తర్వాత కెపాసిటర్లన్నీ" అనే పద్ధతి ఫ్యాక్టరీకి బాగుంటుంది. నేర్చుకునేవాడికి మాత్రం చివరిదాకా ఏదీ పలకదు. స్టేజీల వారీగా వెళ్లండి. మొదట సప్లై, తర్వాత ఆడియో, ఆ తర్వాత ఆసిలేటర్ (రిసీవర్ లోపలే సిగ్నల్ పుట్టించేది), మిక్సర్ (ఆ సిగ్నల్‌ని యాంటెన్నా సిగ్నల్‌తో కలిపేది), చివర యాంటెన్నా వైపు కాయిల్స్. అంటే స్పీకర్ నుంచి యాంటెన్నాకి వెనక్కి నడవడం. ప్రతి స్టేజీని అంతకు ముందు చేసిన స్టేజీయే పరీక్షిస్తుంది.

సప్లై భాగంలో రివర్స్ పొలారిటీ డయోడ్ (బ్యాటరీ తిరగేసి పెడితే కాపాడేది), 5 వోల్టులిచ్చే చిన్న రెగ్యులేటర్ 78ఎల్05 ఉంటాయి కదా. బ్యాటరీ తగిలించే ముందు సప్లై రెండు తీగల మధ్య ఓమ్స్ చూడమనండి. సున్నా దగ్గర్లో ఉంటే ఆగిపోవాలి. తర్వాత 9 వోల్టుల బ్యాటరీ పెడితే డయోడ్ తర్వాత 8.4 చుట్టుపక్కల, 78ఎల్05 తర్వాత 4.8 నుంచి 5.2 లోపు రావాలి. ఇక్కడే ఒక గుంట ఉంది. పిల్లలు ల్యాబ్‌లో పెద్ద 7805 వాడి ఉంటారు. దానికి ముందు వైపు నుంచి చూస్తే ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. చిన్న 78ఎల్05కి చదును వైపు మన వైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి అవుట్‌పుట్, గ్రౌండ్, ఇన్‌పుట్. పూర్తిగా తిరగేసినట్టు. ఈ బొమ్మ కాగితంలో పెద్దగా వేయండి. ఎస్‌ఏ612కి 8 వోల్టులు దాటకూడదు కాబట్టి, ఈ 5 వోల్టులు వచ్చాయని టిక్ పడ్డాకే ఐసీని సాకెట్‌లో పెట్టమనండి.

ఆడియోలో ఎల్‌ఎం386. అయిదో పిన్ దగ్గర సప్లైలో సగం, అంటే సుమారు 4.2 వోల్టులు కనబడాలి. కనబడితే ఐసీ, దాని చుట్టూ ఉన్న అతుకులు దాదాపు సరిగ్గా ఉన్నట్టే. తర్వాత మూడో పిన్‌ని స్క్రూడ్రైవర్ మొనతో, వేలు లోహానికి తగిలేలా ముట్టుకోమనండి. స్పీకర్‌లో బుర్రుమని చప్పుడు రావాలి. మాస్టారూ, ఆ చప్పుడు వచ్చినప్పుడు పిల్లల మొహాలు చూడండి. రెండు గంటల పనికి బోర్డు మొదటిసారి బదులిచ్చింది. మిగతా రోజంతా వాళ్లు లేవరు. చప్పుడు మరీ నీరసంగా ఉంటే ఒకటో పిన్‌కి, ఎనిమిదో పిన్‌కి మధ్య ఉండే 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ చూడాలి. అది ఉంటే గెయిన్ 200, లేకపోతే 20.

ఆసిలేటర్ మీరు ఏది పెట్టారో రాయలేదు. 7.2 మెగాహెర్ట్జ్ సెరామిక్ రెజొనేటర్‌ని వేరియబుల్ కెపాసిటర్‌తో కిందికి లాగే రకం అనుకుంటాను. ఇలాంటి కిట్లలో అది బాగా నడుస్తుంది. పని చేస్తోందో లేదో చూడ్డానికి ఆసిలోస్కోప్ కోసం క్యూ కట్టించక్కర్లేదు. షార్ట్‌వేవ్ ఉన్న పాత ట్రాన్సిస్టర్ రేడియోని పక్కన పెట్టి 7.1, 7.2 మధ్య మెల్లగా తిప్పితే ఒక చోట బుస్సుమనే శబ్దం ఒక్కసారిగా అణిగిపోతుంది. అదే మన ఆసిలేటర్. బోర్డు బ్యాటరీ తీసేస్తే బుస్సు మళ్లీ వస్తుంది. ఇలా తీసి, పెట్టి రెండుసార్లు చూడమని రాయండి. లేకపోతే వేరే స్టేషన్ సిగ్నల్‌ని మనదే అనుకుంటారు.

కాయిల్స్ దగ్గర కాగితం నెమ్మదించాలి. పని చేయని కిట్లలో ఎక్కువ భాగం ఇక్కడే పోతాయి. ఎరుపు రంగు టీ50-2 కోర్ వాడుతున్నారనుకుందాం. దాని ఏఎల్ విలువ (ఒక్క చుట్టుకి వచ్చే ఇండక్టెన్స్) 4.9 నానోహెన్రీలు; దాన్ని చుట్ల సంఖ్యతో రెండుసార్లు గుణించాలి. 30 చుట్లు వేస్తే 4.41 మైక్రోహెన్రీలు. దానికి 114 పికోఫారడ్ల దగ్గర 7.1 మెగాహెర్ట్జ్ రెజొనెన్స్ వస్తుంది, అంటే కాయిల్, కెపాసిటర్ జంట ఆ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అవుతుంది. కాబట్టి 100 పికోఫారడ్, దాని పక్కన చిన్న ట్రిమ్మర్ (స్క్రూ తిప్పి సర్దే కెపాసిటర్). ఇప్పుడు పిల్లవాడు 31 చుట్లు వేశాడనుకోండి. ఫ్రీక్వెన్సీ 6.87కి దిగిపోతుంది. ఒక్క చుట్టుకి 230 కిలోహెర్ట్జ్. మన దేశంలో 40 మీటర్ల హామ్ బ్యాండ్ మొత్తం 7.0 నుంచి 7.2 వరకు, 200 కిలోహెర్ట్జే. ఒక్క చుట్టు తప్పితే ట్యూనింగ్ బ్యాండ్ వెడల్పంత జరిగిపోతోంది. ట్రిమ్మర్ కొంత సర్దుతుంది, రెండు మూడు చుట్లు తప్పితే సర్దలేదు. ఈ లెక్క పిల్లలకి బోర్డు మీద వేసి చూపించండి. ఆ తర్వాత లెక్కపెట్టకుండా చుట్టేవాడు ఉండడు.

చుట్టు అంటే ఏమిటో కూడా చెప్పాలి. మన పిల్లలు దారం కండెకి చుట్టినట్టు బయట వైపు లెక్కపెడతారు. టొరాయిడ్‌లో తీగ రంధ్రంలోంచి ఎన్నిసార్లు వెళ్లిందో అన్ని చుట్లు. తీగని ఊరికే ఒకసారి రంధ్రంలోంచి దూర్చినా అది ఒక చుట్టే. అందుకే "30 చుట్లు వేయండి" అనే బదులు "చుట్టడం అయ్యాక రంధ్రం లోపలి వైపు తీగల్ని లెక్కపెట్టండి, 30 ఉండాలి" అని రాయండి. ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసి లెక్కపెడితే ఇంకా సులువు. ఒక్కో కాయిల్‌కి 60 సెంటీమీటర్ల తీగ ముందే కత్తిరించి ఇవ్వండి. చుట్లని కోర్ మీద సమానంగా పరిచి, రెండు కొసల మధ్య కొంచెం ఖాళీ ఉంచమనండి.

తీగ విషయంలో మన దేశంలో ఒక చిక్కు ఉంది. విదేశీ కిట్ల కాగితాల్లో గేజ్ అంటే అమెరికన్ గేజ్. మన కోఠీ గుజరాతీ గల్లీలో, మోటారు వైండింగ్ షాపుల్లో దొరికేది ఎస్‌డబ్ల్యూజీ, అంటే బ్రిటిష్ గేజ్. 28 నంబర్ అమెరికన్ తీగ 0.32 మిల్లీమీటర్లు, మన 28 నంబర్ 0.376. ఈ రిసీవర్‌కి అది పెద్ద తేడా కాదు. చిన్న కోర్ మీద ఎక్కువ చుట్లు వేయాల్సి వస్తే మాత్రం రంధ్రంలో పట్టదు. మీరు మిల్లీమీటర్లలోనే రాసేయండి, గొడవ ఉండదు. ఇక ఎనామిల్ గీకడం. తీగ రాగి రంగులోనే ఉంటుంది కాబట్టి మీద పూత ఉందని కొత్తవాళ్లకి తెలియదు. అలాగే అతికేస్తారు, పైకి అతుకు మెరుస్తూ బాగానే కనబడుతుంది, లోపల కరెంటు పోదు. బ్లేడుతో చుట్టూరా గీకి, ముందు సోల్డర్ పూత పూసి, అప్పుడు బోర్డులో పెట్టాలి. పెట్టాక బోర్డు వెనక వైపు రెండు అతుకుల మధ్య మీటర్‌తో బీప్ చూడాలి. ఈ బీప్‌కి విడిగా ఒక టిక్ గడి ఇవ్వండి.

ఒకేలా కనబడే పార్టులకి మొదటి పేజీలోనే చోటు పెట్టండి. సెరామిక్ కెపాసిటర్ మీద 104 అంటే 0.1 మైక్రోఫారడ్, 103 అంటే 0.01. ఇది మీకు తెలిసిందే. కానీ 470 అని ఉంటే 47 పికోఫారడ్, 471 అని ఉంటే 470 పికోఫారడ్. చాలా ఏళ్ల క్రితం ఒక క్యాంపులో నేను రాసిన కాగితంలో "సీ7: 470 పికో" అని మాత్రమే ఉంది. సంచిలో రెండు రకాలూ ఉన్నాయి. ఎనిమిది మందిలో ఆరుగురు మీద 470 అని ఉన్నదాన్నే పెట్టారు. వాళ్ల తప్పేముంది? కాగితంలో అదే అంకె ఉంది. ఆరు రిసీవర్లూ మూగబోయాయి. అప్పటినుంచి ప్రతి కెపాసిటర్‌కీ విలువతో పాటు ఒంటి మీద ఏం అచ్చు ఉంటుందో అది కూడా రాస్తాను. మీరూ సంచిలో ఉన్న పార్టుని చేతిలో పట్టుకుని చూస్తూ లిస్టు రాయండి, డయాగ్రమ్ చూస్తూ కాదు.

ట్రాన్సిస్టర్లు వాడుతుంటే ఇంకో జాగ్రత్త. చదును వైపు నుంచి చూస్తే బీసీ547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే తిప్పి పెట్టాలి. పీఎన్2222ఏ, పీ2ఎన్2222ఏ పేర్లలో ఒక్క అంకే తేడా, కాళ్ల వరుస మాత్రం తిరగబడుతుంది. గాజు గొట్టంలా ఉన్న 1ఎన్4148ని, జీనర్‌ని వేరే కవర్లలో పెట్టి ఇవ్వండి. రెసిస్టర్‌లా కనబడే చిన్న ఇండక్టర్లని కూడా. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ దగ్గర కొత్తవాళ్లు తికమక పడటానికి కారణం ఉంది. పార్టు మీది చార మైనస్‌ని చెబుతుంది, బోర్డు మీది గుర్తు ప్లస్‌ని చెబుతుంది. "పొలారిటీ చూసి పెట్టండి" అంటే సరిపోదు. "పొడుగు కాలు ప్లస్ గుర్తున్న రంధ్రంలోకి" అని రాయండి.

ఇప్పుడు తెలుగు సంగతి. మన భాషలో "తీసి, వంచి, పెట్టి, తిప్పి, అతికి, కత్తిరించండి" అని ఆరు పనుల్ని ఒకే వాక్యంలో అందంగా చెప్పేయొచ్చు. వంట చెప్పేటప్పుడు అలాగే చెబుతాం, వినేవాళ్లకి వంట వచ్చు కాబట్టి సరిపోతుంది. కిట్ కాగితంలో ఆ వరుసలో మధ్యలో ఉన్న "తిప్పి" మాయమైపోతుంది. చదివినవాడి చూపు చివరి క్రియ మీదికి దూకుతుంది. కాబట్టి ఒక పనికి ఒక వాక్యం, ఒక టిక్. "దాన్ని", "అది", "ఇందాకటిది" అనే మాటలు వాడకండి. ఆర్4 అంటే ప్రతిసారీ ఆర్4 అనే రాయండి. చదవడానికి విసుగ్గా ఉంటుంది, పరవాలేదు. ఎడమ, కుడి అనే ముందు బోర్డుని ఎలా పట్టుకోవాలో చెప్పాలి: బ్యాటరీ తీగలు మీ వైపు, అచ్చు అక్షరాలు పైకి. వెనక్కి తిప్పితే ఎడమ కుడి అవుతుందని పిల్లలు మరిచిపోతారు. అది కూడా ఒకసారి రాయండి. కెపాసిటర్, కలెక్టర్, గ్రౌండ్ లాంటి మాటల్ని తెలుగులోకి మార్చకండి. షాపులో అడిగేటప్పుడు ఆ మాటలే కావాలి.

రాశాక, పిల్లలకి ఇచ్చే ముందు, ఈ బోర్డు ఎప్పుడూ చూడని ఒక మనిషిని కూర్చోబెట్టి కాగితం ఇవ్వండి. మీరు పక్కన కూర్చుని నోరు మెదపకండి. ఇది నాకు నేర్పింది మా మేనకోడలు. అప్పుడు ఇంటర్ చదువుతోంది. నేను రాసిన కాగితం పెట్టుకుని చేస్తూ, ఒక డయోడ్‌ని మూడుసార్లు అటూ ఇటూ తిప్పి చూసింది. నన్ను ఏమీ అడగలేదు, చివరికి ఒక వైపు పెట్టేసింది. ఆ మూడుసార్లు తిప్పడం చూశాకే అక్కడ బొమ్మ లేదని నాకు తట్టింది. మనిషి ఆగిన ప్రతి చోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. "ఏం, అర్థం కాలేదా?" అని మాత్రం అడగకండి. అడిగితే అర్థమైందనే అంటారు.

వోల్టేజీల పట్టిక డేటాషీట్ నుంచి కాపీ కొట్టకండి. మీరే మూడు బోర్డులు చేసి, మీ ల్యాబ్ మీటర్‌తోనే కొలిచి, ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో రాయండి. "4.2 వోల్టులు" అని ఒకే అంకె ఉంటే 4.05 వచ్చినవాడు టెన్షన్ పడి బాగున్న ఐసీని పీకేస్తాడు. ప్రతి కొలత కింద "రాకపోతే" అని రెండు లైన్లు ఉండాలి. మొదట ఏ అతుకు చూడాలి, తర్వాత ఏ పార్టు దిశ చూడాలి, అంతే. పిల్లవాడు తన కొలత రాసుకోవడానికి పక్కన ఖాళీ గడి వదలండి. బోర్డు పలకనప్పుడు మీ దగ్గరికి ఆ కాగితంతో వస్తాడు. మీరు బోర్డు ముట్టుకోకుండానే ఎక్కడ తప్పిందో చెప్పగలుగుతారు.

మొదటి రోజు వినడానికి యాంటెన్నా కూడా కాగితంలో ఉండాలి. మొత్తం 20 మీటర్ల తీగ, మధ్యలో తెంపి చెరో 10 మీటర్లు, మధ్య నుంచి కోయాక్స్ కేబుల్. నడుమ భాగం కాలేజీ మేడ మీద ఎత్తుగా కట్టి, రెండు కొసలూ కిందికి లాగితే చాలు. పొద్దున పూట 7.050 నుంచి 7.150 మధ్య తిప్పితే మన దేశపు హామ్‌ల మాటలు దొరుకుతాయి. చీకటి పడ్డాక 7.2కి పైన ఉండే బ్రాడ్‌కాస్ట్ స్టేషన్లు బలంగా వచ్చి, ట్యూన్ చేయకపోయినా వెనకాల పాటలు వినిపిస్తాయి. డైరెక్ట్ కన్వర్షన్‌లో అది మామూలే, బోర్డు తప్పు కాదు. ఇది ముందే రాసిపెట్టండి. ఒకే స్టేషన్ డయల్ మీద రెండు చోట్ల, జీరో బీట్‌కి (ఈల సన్నగిల్లి ఆగిపోయే చోటుకి) అటూ ఇటూ వస్తుందని కూడా రాయండి. అందులో ఒక చోటే మాట సరిగ్గా ఉంటుంది. సెల్‌ఫోన్ ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు దగ్గర్లో ఉంటే వాటి రొద తప్ప ఏమీ వినబడదు కాబట్టి మొదటి పరీక్ష వాటికి దూరంగా, బ్యాటరీ మీదే చేయించండి.

తర్వాత ట్రాన్స్‌మిటర్ కూడా చేయించాలనుకుంటే ముందు పిల్లల చేత ఏఎస్‌ఓసీ (హామ్ లైసెన్సు) పరీక్ష రాయించి, డబ్ల్యూపీసీ (కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం) నుంచి లైసెన్సు తెప్పించండి. 12 ఏళ్లు నిండితే చాలు. అప్పటిదాకా బెంచి మీద డమ్మీ లోడ్‌తోనే (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్). ఒక వాట్ 1 కిలోఓమ్ రెసిస్టర్లు 20 పారలల్‌లో పెడితే 50 ఓమ్స్, 20 వాట్లు. దాని మీద ఒక డయోడ్, ఒక 0.01 కెపాసిటర్ పెట్టి మీటర్‌తో కొలిస్తే 22 వోల్టుల దగ్గర 5 వాట్లు ఉన్నట్టు. ఐఆర్‌ఎఫ్510 వెనక రేకు డ్రెయిన్‌కి కలిసి ఉంటుంది కాబట్టి హీట్‌సింక్‌కి మధ్య మైకా ముక్క తప్పనిసరి. బయాస్ ప్రీసెట్‌ని (ఆ ట్రాన్సిస్టర్ కరెంటు సర్దే చిన్న స్క్రూ) గ్రౌండ్ వైపు పూర్తిగా తిప్పాకే సప్లై ఇవ్వాలి. అవన్నీ ఇంకో కాగితం పని.

సప్లై, ఆడియో రెండు పేజీలు రాశాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. కాయిల్స్ పేజీ రాసే ముందు మాత్రం బజారు నుంచి తెచ్చిన మీ తీగతో, మీ కోర్ మీద ఒకటి చుట్టి చూసుకోండి. తీగ 60 సెంటీమీటర్లు సరిపోయిందో లేదో దాన్నిబట్టి దిద్దుదాం.